సార్... లాగు!

శ్రీకర్ పరువు పోవడానికి పట్టిన సమయం సరిగ్గా పదకొండు సెకన్లు. వీడియో నిడివి అంతే మరి.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు కొదవేముంది? అలాంటి ఒక సెంటర్ మూడో అంతస్తులో ఆ ఉదయం కొత్త బ్యాచ్ ప్రారంభోత్సవం. హాల్లో మూడువందల మంది కుర్రకారు. వేదిక మీద పెద్ద బ్యానరు, దానికి పట్టుగుడ్డ ముసుగు. డైరెక్టర్ విశ్వేశ్వరరావుగారు తాడు లాగితే ముసుగు జారాలి. ఆయన లాగారు. జారలేదు. మళ్ళీ లాగారు. దగ్గొచ్చింది గానీ ముసుగు రాలేదు.

"నువ్వోసారి చూడవయ్యా శ్రీకర్" అన్నారు.

శ్రీకర్ ఆ సెంటర్లో లెక్కల మాస్టారు. ఇరవై ఏడేళ్లుంటాయి. తెనాలి నుంచి వచ్చి ఏడాదైంది. తనకున్న ఒకే ఒక మంచి ప్యాంటు, బూడిదరంగుది, ఆ రోజే బయటికి తీశాడు. స్టూలెక్కి, జనానికి వీపు తిప్పి తాడు అందుకున్నాడు.

అప్పుడే వేదిక పక్కనుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "సార్... లాగు!"

"లాగుతున్నా" అన్నాడు శ్రీకర్. లాగాడు కూడా.

"అయ్యో సార్, లాగు! లాగు!"

ఎవరో గానీ భలే హుషారు చేస్తోందే అనుకున్నాడు. ఉన్న సత్తువంతా కూడదీసుకుని ఒక్క లాగు లాగాడు. ముసుగు జారింది. దాంతోపాటు పర్రుమని ఇంకో చప్పుడైంది. ప్యాంటు నడుం దగ్గర్నుంచి మోకాలి వెనకదాకా చిరిగి, ఆకుపచ్చ చారల డ్రాయరు మూడువందల మందికీ దర్శనమిచ్చింది. పైన బ్యానరు మీద బంగారు అక్షరాలు: 'మా వెనుక ఇరవై ఏళ్ల అనుభవం!'

సాయంత్రానికి ఆరు లక్షల మంది చూశారు. మర్నాటికి ఎవడో పుణ్యాత్ముడు ఆ గొంతుకి డప్పు జోడించాడు. "సార్ లాగు, సార్ సార్ లాగు" అని ఆటోల్లో మోగింది, పెళ్లి బరాత్‌ల్లో మోగింది. ఎల్బీనగర్ మెట్రోలో పక్కసీటాయన శ్రీకర్‌ని ఫోన్లో చూసి పడీపడీ నవ్వుతూ, అతని భుజం మీదే చెయ్యేసి, "చూశావా తమ్ముడూ?" అన్నాడు.

"పోన్లేరా, ఉతికిన డ్రాయరే కదా" అని ఓదార్చింది తల్లి కుసుమకుమారి.

నవ్వులు ఎలాగో మింగేవాడే. అసలు చిక్కు క్లాసులో వచ్చింది. మార్కరు పట్టుకుని బోర్డు వైపు తిరగబోతే ఒళ్ళు తిరగలేదు. వీపు తిప్పగానే ఫోన్లన్నీ పైకి లేస్తాయని ఒకటే భయం. వీపు తిప్పని మాస్టారు లెక్కలెలా చెప్తాడు? రెండు లెక్కలు నోటితో గొణిగి బయటపడ్డాడు.

"సోమవారం దాకా టైమిస్తాను. అప్పటికీ బోర్డు మీద చెప్పలేనంటే వేరేవాళ్లని చూసుకోవాల్సి వస్తుంది. ఏమీ అనుకోకు" అన్నారు విశ్వేశ్వరరావుగారు.

 పాఠం చెప్పడం తప్ప శ్రీకర్‌కి ఇంకేదీ చేతకాదు. ఇంకేదీ ఇష్టమూ లేదు. ఇదంతా ఆ గొంతు వల్లే! ఆఫీసులో ఆరా తీస్తే, డైరెక్టరుగారి కోటు రఫ్ఫు చేసి తెచ్చిన అమ్మాయిదని తెలిసింది. సాక్ష్యంగా చిరిగిన ప్యాంటు సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

చీరల షాపుల వెనక సందులో ఇరుకు దుకాణం. చిరిగిన బట్టని అతుకు కనపడకుండా దారాలతో మళ్ళీ నేసిచ్చే రఫ్ఫు పని వాళ్లది. లోపల లింగస్వామి అనే పెద్దాయన కోటు దులుపుతున్నాడు. ముందు కూర్చున్న అమ్మాయి నోరు విప్పకుండా, 'గురువారం' అని చీటీ మీద రాసి ఒకావిడకి ఇచ్చింది. మూగపిల్ల కాబోలు, ఈమె అయ్యుండదు అనుకున్నాడు శ్రీకర్.

ఆమె తలెత్తింది. "అయ్యో సార్!"

అదే గొంతు. నిద్రలో లేపి వినిపించినా గుర్తుపడతాడు.

"నువ్వేనా?" కోపంలో మర్యాద ఎగిరిపోయింది. "నువ్వు లాగమన్నావ్, నేను లాగాను. చూడు ఏమైందో!"

"నేనెప్పుడు గుంజుమన్న సార్?"

"గుంజమన్లేదు, లాగమన్నావ్! పైగా సార్ అంటూనే 'లాగు' ఏంటి? 'లాగండి' అనాలి కదా?"

ఆమె అతన్ని చూసింది. దండెం మీది ప్యాంటును చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సార్, మా దిక్కు లాగు అంటే గిది." ప్యాంటును చూపించింది. "గుంజాల్నంటే గుంజు అంటం. మీ లాగుకు ఎన్క కుట్లిడిసినయ్. పదిమందిల చినిగింది అంటే బాగుండదని, లాగు, లాగు అని చెప్పిన. నేను చెప్పినకొద్ది మీరు గుంజవట్టిరి!"

 శ్రీకర్ వాళ్ల తెనాలిలో లాగు అంటే ఆరేళ్ల పిల్లాడి నిక్కరు.

"ప్యాంటు అనొచ్చుగా?" అన్నాడు నీరసంగా.

"పరేషాన్ల ఇంటి మాటే ఒస్తది సార్."

ముందు నవ్వింది ఆమే. అయిదు రోజుల తర్వాత శ్రీకర్ నవ్వాడు. లింగస్వామి కోటు పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"గిటియ్యండ్రి" అంటూ సంచి అందుకుంది ఆమె. పేరు జ్యోతిక అట, లింగస్వామి కూతురు. ప్యాంటు అడుగు మడత విప్పి, లోపలి గుడ్డలోంచి వెంట్రుకంత పోగు ఒకటి లాగి సూదికి ఎక్కించింది. చిరుగుకి అటు ఒక పడుగు పోగు, ఇటు ఒక పడుగు పోగు. వాటి మధ్య అడ్డంగా పేక, ఒకదాని కిందనుంచి, ఒకదాని మీదనుంచి.

శ్రీకర్ తిట్టడానికి వచ్చిన సంగతే మర్చిపోయాడు. కళ్ళెదుట గుడ్డ పుడుతోంది! కొలత లేదు, గీత లేదు. ఆ వేళ్లు ఒక్క పోగు కూడా తప్పు లెక్కపెట్టడం లేదు. లెక్కలు చెప్పే తను కూడా అంత వేగంగా లెక్కించలేడు.

"ఎక్కడ నేర్చుకున్నారు?" మర్యాద దానంతటదే తిరిగొచ్చింది.

"నల్గొండ దిక్కు మాది. మా తాతది మగ్గం సార్. నేసుడు ఎర్కైతే రఫ్ఫు అదే ఒస్తది."

"అతుకు కనపడకుండా దాచేస్తారన్నమాట."

"దాసుడు కాదు సార్. ముందు ఎట్ల నేసిన్రో మళ్ల గట్లనే నేసుడు."

అంత చిరుగుకి నాలుగు రోజులు పడుతుందంది. నాలుగు రోజులూ శ్రీకర్ దుకాణంలోనే ఉన్నాడు. పని అయిందేమో చూద్దామని వస్తున్నట్టు చెప్పాడు, ఎవరూ నమ్మలేదు. ఖాళీగా కూర్చోలేక, తండ్రి ఆరు రోజుల్లో చేసే పని కూతురు మూడు రోజుల్లో చేస్తే ఇద్దరూ కలిసి ఎన్నాళ్లలో చేస్తారో లెక్కగట్టడం లింగస్వామికి నేర్పాడు. ఏడో తరగతిలో బడి మానేసిన పెద్దాయన కాసేపు వేళ్లు మడిచి, "రెండొద్దులు, రెండే దినాలు!" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు.

జ్యోతిక సూది ఆపి శ్రీకర్ వైపు చూసింది. ఆ చూపు చిన్నదే. అతనికి మాత్రం ఎల్బీనగర్‌లో ఇల్లు చేరేదాకా సరిపోయింది.

మూడోరోజు అడిగాడు. "కస్టమర్లకి చీటీలెందుకు రాసిస్తారు?"

ఆమె దించిన తల ఎత్తలేదు. "నోరు తెరిస్తే గుర్తువడుతున్నరు సార్. 'ఆ మాట మళ్లొక్కసారి అను' అని ఫోను ముంగట వెడుతున్నరు. మీరు లాగు మార్చుకున్నరు. నేను గొంతు ఎట్ల మార్చుకోవాలె?"

శ్రీకర్‌కి సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆ పదకొండు సెకన్లలో తనొక్కడే ఉన్నాడనుకున్నాడు. తన భయమూ చెప్పేశాడు. సోమవారం గురించి, తిరగని వీపు గురించి. ఆమె ఏ సలహా ఇవ్వలేదు. "క్లాసు ఎన్నిటికి?" అని మాత్రం అడిగింది.

ఆదివారం ప్యాంటు చేతిలో పెట్టింది. శ్రీకర్ దాన్ని దీపం కింద పెట్టి చూశాడు. వేలితో తడిమాడు. గుమ్మంలో వెలుగుకి అడ్డం పట్టి చూశాడు. చిరుగు లేదు!

"ఇది నాదేనా?"

"ఎతుకుండ్రి" అంది జ్యోతిక, నవ్వుతూ.

వెతికాడు. దొరకలేదు. గుళ్లో నిలబడ్డప్పుడు కూడా అతను అంతగా విస్తుపోలేదు. మనిషి చేతుల్లో ఇంత మహిమ ఉంటుందా అనుకుంటూ ఆ చేతుల్నే చూస్తుండిపోయాడు. లింగస్వామి దగ్గి గుర్తు చేయాల్సొచ్చింది.

సోమవారం ఆ ప్యాంటే వేసుకుని క్లాసుకెళ్లాడు. మార్కరు తీశాడు. వెనక బెంచీలోంచి ఎవడిదో ఫోను, "సార్ లాగు, సార్ సార్ లాగు!" హాలంతా గొల్లుమంది. శ్రీకర్ మార్కరుకి మూత పెట్టేశాడు. ఇక అయిపోయింది, ఇంటికెళ్లిపోదాం అనుకున్నాడు.

"గా మాట అన్నది నేనే!"

డప్పు లేకుండా, గుమ్మంలోంచి అదే గొంతు. మూడువందల తలలు అటు తిరిగాయి. జ్యోతిక నిలబడి ఉంది. చున్నీ కొసను పిడికిట్లో నలిపేస్తోంది.

"మా దిక్కు లాగు అంటే ప్యాంటు. మీల సగం మందికి ఎర్కే. సార్‌కు ఎర్క లేదు, గంతే. పరువు కాపాడుదామని అన్న మాట అది. మీరు దానికి డప్పు గొట్టి నన్ను మూగదాన్ని చేసిన్రు." గొంతు వణికింది, ఆగలేదు. "గీ సార్ ఏడో తరగతిల ఆగిన మా నాయనకు నాలుగు దినాలల్ల లెక్క నేర్పిండు. మీరేమో గిసుంటి సార్‌ను ముంగట వెట్టుకొని ఫోన్లు సూస్తున్నరు. మీ అయ్యలు పైసలు కట్టింది గిందుకేనా?"

 వెనక బెంచీలో ఫోను జేబులోకి వెళ్లింది.

తన గొంతు దాచుకోవడానికి చీటీలు రాసిన పిల్ల, అతని కోసం ఇంతమంది ముందు ఆ గొంతే విప్పింది. శ్రీకర్‌కి కళ్లు చెమర్చాయి. అంతకుముందు చేతుల్ని చూసి ఆశ్చర్యపోయినవాడు ఇప్పుడు మనిషినే చూసి ఆశ్చర్యపోయాడు.

తర్వాత బోర్డు వైపు తిరిగి రాయడం మొదలుపెట్టాడు. రెండు లైన్లు రాశాక వెనకనుంచి ఒక పిల్ల గొంతు. "సార్, కనిపిస్తలేదు. జర పక్కకు జరుగుండ్రి."

జరిగాడు. ఆ గంటలో ఎవరికీ కావలసింది అంతకుమించి లేదు.

క్లాసు అయ్యాక మెట్లమీద ఆమెను అందుకున్నాడు. "జ్యోతికగారూ! ఈ ఆదివారం మా అమ్మని తీసుకుని మీ ఇంటికి రావచ్చా?"

"ఏమన్న చినిగినయా?"

"ఏవీ చిరగలేదు. నాన్నగారిని ఒక మాట అడగాలి."

జ్యోతిక రెండు మెట్లు దిగి ఆగింది. "మా నాయనకు నిన్ననే సమజైంది సార్. మీ కోసమని దుకాణంల కొత్త కుర్చీ ఏసిండు. అడగాల్సింది నన్నయితే ఈడనే అడుగుండ్రి."

శ్రీకర్ అడిగాడు. నేరుగా, అర్థంలో తేడా రాకుండా, ఒక్కో మాటా విడివిడిగా పలికి మరీ అడిగాడు.

మూడువందల మందిని గడగడలాడించిన ఆ గొంతు ఒక్కడి ముందు పెగల్లేదు. మెట్లమీద నిలబడి, కిందికి చూస్తూ, ఊఁ అన్నట్టు తల మాత్రం ఊపింది.