అమ్మ ఒత్తిగిలిన వైపు

"అయ్యో... అయ్యో! ఇదేమిటే గుండీ! అమ్మ ఒంటిమీద ఇదేమిటే!"

అక్క కేకకి గుండీ చేతిలో నీళ్ళ గిన్నె తొణికింది. పొద్దున్నే ఊరినుంచి దిగి, "ఇవాళ అమ్మకి ఒళ్ళు నేను తుడుస్తాలే, నువ్వు కాస్త నడుం వాల్చు" అంటూ ఎంతో ప్రేమగా తడిగుడ్డ అందుకున్న అక్క, ఇప్పుడు ఆ గుడ్డని గుప్పిట్లో నలిపేస్తూ నిప్పులు కక్కుతోంది. గుండీ వంగి చూసింది. కొన్నాళ్ళుగా అమ్మ ఎడమ తుంటి మీద ఎర్రగా కందిన చోట... చర్మం విడిపోయింది! లోపల పచ్చిగా, తడిగా, చూడలేనట్టుగా ఉంది. అక్కడ రోజూ మందు రాస్తూనే ఉంది తను. తగ్గిపోతుందిలే అనుకుంది. ఎంత పిచ్చిది!

"నొప్పేం లేదులేవే," అంది అమ్మ. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయాక ఆమెకి మాట కూడా ముద్దముద్దగానే వస్తోంది. "అరవకే పెద్దదానా... పక్కింటివాళ్ళు వింటారు."

అక్క పిలిపించిన నర్సు వచ్చి, పుండు కడిగి కట్టు కట్టింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించి, "ఎప్పుడూ ఒకే వైపు పడుకోబెడుతున్నట్టున్నారు. బరువంతా అక్కడే పడి ఒరుసుకుపోయింది. ఇది ఇంకా లోతుకి దిగిందంటే... ఈ వయసులో..." అంటూ మాట మింగేసింది. మింగేసిన ఆ మాటే గుండీ గుండెల్లో గునపంలా దిగింది.

నర్సు వీధి మలుపు తిరిగిందో లేదో, అక్క మొదలుపెట్టింది.

"అటూ ఇటూ మార్చి మార్చి పడుకోబెట్టాలని డాక్టరు నీకు చెప్పలేదా?"

"మారుస్తూనే ఉన్నానక్కా..."

"మారిస్తే పుండెలా పడుతుందే? ఆ కుట్టుపనిలో కూర్చుంటే నీకు లోకమే గుర్తుండదు. ఇక అమ్మేం గుర్తుంటుంది?"

ఆ అనుమానం గుండీకీ ఉంది! అమ్మని గోడవైపు ఒత్తిగిలించి, వీపు వెనక దిండు ఎగదోసి, ముందుగదిలోకి వెళ్ళి కుట్టుకు కూర్చుంటుంది. తిరిగొచ్చి చూస్తే అమ్మ గుమ్మంవైపు తిరిగి ఉంటుంది. దిండు ఎక్కడో కాళ్ళ దగ్గర ఉంటుంది. "ఇదేంటమ్మా, గోడవైపు కదా పడుకోబెట్టాను?" అంటే, "ఇందాక నువ్వే వచ్చి తిప్పావు కదే... మర్చిపోయావా?" అనేది అమ్మ. నిద్ర చాలని కళ్ళు, అలిసిన బుర్ర... తిప్పానేమోలే అనుకుని, ఇటువైపు వంతు ఇప్పుడే మొదలైందనుకుని, అమ్మని అలాగే వదిలేసి మళ్ళీ పనిలో పడేది. ఎన్నిసార్లు అలా జరిగిందో! కన్నతల్లిని తిప్పిందీ తిప్పనిదీ గుర్తులేని కూతురు, కూతురేనా? తన మతిమరుపే అమ్మ ఒంటిని తినేసిందని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది.

"తప్పు నాదేనక్కా," అంది, తల దించుకుని.

ఆ మాటతో అక్క కోపం కాస్తా ఏడుపై కూర్చుంది. "నిన్ననడానికి నాకు నోరెలా వస్తోందో! కానీ నీ ఒక్కదానివల్లా కావట్లేదే... రేపు పొద్దున్న బండి మాట్లాడతాను. అమ్మని మా ఊళ్ళో వృద్ధుల హోమ్‌లో చేరుద్దాం. అక్కడ ఎత్తడానికీ దించడానికీ మనుషులుంటారు. కాదనకే!"

హోమ్! అమ్మ లేని ఇల్లు! అయినా కాదనడానికి గుండీకేం ముఖం ఉంది?

నాన్న పోయాక ఈ ఇంట్లో అందరికీ తిండి పెట్టింది ముందుగదిలోని ఆ పాత కుట్టుమిషనే. అమ్మ దర్జీ. చంటిపిల్లగా అమ్మ గుండీల డబ్బాలో చెయ్యిపెట్టి, ఒకటి బుగ్గన దాచుకుని నిద్రపోయి ఇల్లంతా హడలెత్తించింది కాబట్టి చిన్నదానికి ఆ పేరు ఖాయమైంది. అక్క చదువుకుని ఉద్యోగానికి వెళ్ళింది. గుండీ అమ్మ పక్కనే కాజాలు కుడుతూ పెరిగింది, అమ్మ మంచం పట్టాక మిషన్ ముందు స్టూలెక్కింది. చప్పుడు కాసేపు ఆగితే చాలు, లోపలి గదిలోంచి "మిషన్ ఆగిందేమే?" అని వినిపించేది. "దారం తెగిందమ్మా" అనేది తను.

ఎప్పుడూ దారమే తెగేది కాదు. బట్టల కొట్లో పనిచేసే ఒకాయన పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. "అమ్మని కాస్త కోలుకోనివ్వండి" అంది గుండీ. ఎదురుచూసినన్నాళ్ళు చూశాడు పాపం. ఆయనకీ ఒక తల్లి ఉంది, ఆమెకీ తొందరే! మొన్నీమధ్యే ఆయన పెళ్ళయిపోయింది. ఆ పెళ్ళికొడుకు చొక్కా కుట్టింది ఎవరో కాదు, తనే! ఆ చొక్కాకి ఒక్కో గుండీ కుడుతూ ఎంత ఏడ్చిందో మిషన్‌కే తెలుసు అనుకుంది. మంచానికి వీపు చేసి కూర్చుంటుంది కనక, అమ్మకి ఏమీ కనపడదనే ధైర్యం.

మధ్యాహ్నం అమ్మని మళ్ళీ గోడవైపు ఒత్తిగిలించింది. ఇక రేపు ఈ పని ఎవరో చేస్తారు... మిషన్ ముందు కూర్చుంది కానీ కుట్టు సాగలేదు. చక్రం మీద చెయ్యి వేసి, శబ్దం రాకుండా ఏడ్చింది. లోపల అక్క అమ్మ బట్టలు సర్దుతోంది.

"గుండీ! ఇటు రావే... తొందరగా రా!" అక్క లోపలినుంచి గుసగుసగా పిలిచింది.

పరుగెత్తుకెళ్ళిన గుండీ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. అక్క చేతుల్లో మడత చీరలు అలాగే ఉన్నాయి. మంచం మీద అమ్మ... పనిచేసే ఆ ఒక్క ఎడమ చేతిని వీపు వెనక్కి చాచి, దిండుని పక్కకి నెట్టేసి, మంచం పట్టె పట్టుకుని, ఒళ్ళంతా వణికిపోతూ తనని తాను ఇటువైపు ఈడ్చుకుంటోంది! పళ్ళు బిగించింది. నుదుటి మీద చెమటలు. సగం తిరిగి, కూతుళ్ళిద్దరూ చూస్తున్నారని గమనించి, దొంగలా చెయ్యి వదిలేసింది.

"అమ్మా! నువ్వా? నువ్వే తిరుగుతున్నావా? ఆ పుండు మీదికే..." అంటూ అక్క మంచం దగ్గరికి వచ్చింది.

"దాన్నేం అనకే," అంది అమ్మ. "దానికి ఏ మతిమరుపూ లేదు. అది తిప్పుతూనే ఉంది. అబద్ధం చెప్పింది నేను."

"ఎందుకమ్మా? ఎందుకిలా చేశావు?" గుండీ మంచం పక్కన కూలబడింది.

అమ్మ కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఓపిక లేదు.

"గోడవైపు ఉంటే నాకు మిషన్ చప్పుడే వినపడుతుంది. అది ఆగితే... నువ్వు దారం ఎక్కిస్తున్నావో, ఏడుస్తున్నావో తెలీదు. ఇటు తిరిగితే నీ వీపు కనపడుతుంది. కన్నదాన్ని, వీపు చూస్తే తెలీదుటే? లేచొచ్చి నీ తల నిమరలేను. నీ పెళ్ళి నా మంచానికే బలైపోయిందని తెలిసీ ఏం చెయ్యలేను. కనీసం నువ్వు ఒక్కదానివే ఏడవకూడదని... చూస్తూ పడుకుంటాను. అంతేనే."

"అమ్మా!" గుండీ ఆమె గుండెల మీద పడిపోయింది. ఎవరికీ తెలియదనుకున్న ప్రతి కన్నీటి బొట్టునీ అమ్మ చూసింది! తన ఒళ్ళు ఒరుసుకుపోతున్నా చూసింది! ఆ ఎడమచెయ్యి మెల్లగా వచ్చి ఆమె జుట్టు మీద పడింది.

అక్క చీరలన్నీ మళ్ళీ అలమరలో కుక్కేసి, కొంగు నడుముకి చుట్టింది. "లేవే గుండీ. ఆ మిషన్ అటువైపు పట్టుకో."

ఇద్దరూ కలిసి మంచాన్ని గోడకి దూరంగా జరిపారు. ఏనుగంత బరువున్న ఆ మిషన్‌ని ఈడ్చుకొచ్చి మంచానికీ గోడకీ మధ్య పెట్టారు. ఆనాటి నుంచి అమ్మని ఇటు తిప్పితే మిషన్ ఇటు, అటు తిప్పితే అటు! "దేవుణ్ణి ఊరేగించినట్టు తిప్పుతున్నారే దాన్ని" అని అమ్మ నవ్వింది కూడా. బండి మాట మళ్ళీ ఎత్తకుండా అక్క సెలవు పెట్టి ఉండిపోయింది.

కానీ పుండు ఎవరి మాటా వినలేదు. లోతుకే దిగింది. జ్వరం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం, గోడవైపు ఒత్తిగిలి, ఎదురుగా కుడుతున్న కూతురి ముఖం చూస్తూ చూస్తూనే... అమ్మ వెళ్ళిపోయింది. "మిషన్ ఆగిందేమే?" అని ఎవరూ అడగకపోతేనే గుండీకి తెలిసింది.

ఆ తర్వాత చాలా రోజులకి గుండీ మళ్ళీ పనిలో కూర్చుంది. కుడుతూ కుడుతూ, అలవాటు కొద్దీ, "అమ్మా, ఇటు తిప్పనా?" అంటూ లేచి మిషన్ అంచు పట్టుకుని ఈడ్చింది. అది సగం దూరం వచ్చాక తల ఎత్తి చూస్తే... పరుపు చుట్టేసిన ఉత్త మంచం!

మిషన్‌ని అక్కడే వదిలేసి, స్టూలు మీద కూలబడి, మంచానికి వీపు చేసి కూర్చుంది. వంటింట్లో పని ఆపి అక్క వచ్చింది. ఆ ఉత్త మంచం మీద, అమ్మ ఒత్తిగిలే చోట కూర్చుంది.

"మిషన్ ఆగిందేమే?" అంది మెల్లగా.

గుండీ వీపు వణికింది. "దారం తెగిందక్కా..."

"తెగితే తెగింది. ఇటు తిరుగు."

గుండీ తిరిగింది. దాచుకోకుండా, కళ్ళు తుడుచుకోకుండా, అక్క ముఖంలోకి చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది.