ఈరమ్మ కేసులు ఎవరు చెరిపారు?

2011 సెప్టెంబరు 23, శుక్రవారం. ఉదయం పది గంటల ఐదు నిమిషాలు.

స్క్రీన్ మీద ఒకటే లైను. "ఈ చిరునామాలో ఏ కథా లేదు."

శైలజ మళ్ళీ నొక్కింది. అదే లైను. ఇంకోసారి నొక్కింది. అదే.

నలభై ఒక్క భాగాల కథ. ఏడాది కష్టం. నిన్నటిదాకా ఉంది. ఇవాళ లేదు.

టీవీలో "డిటెక్టివ్ కుముదిని" అని ఒక సీరియల్ వస్తుంది. కుముదిని ఆఫీసు ఊడ్చే ఈరమ్మ తెలంగాణ యాసలో మాట్లాడుతుంది. జనం నవ్వుకోడానికే మాట్లాడిస్తారు. ఎం.ఏ. ఫైనల్ చదివే శైలజకు అది చూసి ఒళ్ళు మండింది. ఆమెది జనగామ దగ్గర రైతు కుటుంబం. ఇంట్లో అందరిదీ ఈరమ్మ యాసే. సీరియళ్ళ మీద అభిమానులు సొంత కథలు అల్లి పెట్టుకునే వెబ్‌సైట్ ఒకటుంది, "కథలపెట్టె" అని. అందులో శైలజ "ఈరమ్మ కేసులు" మొదలుపెట్టింది. ఈరమ్మ చేత హంతకుల్ని పట్టించింది. కుముదిని చేత టీ పెట్టించింది. క్యాంపస్ అంతా విరగబడి చదివింది.

శైలజ నోటితో చెప్పేది. రూమ్‌మేట్ లిడియా టైపు చేసేది. లిడియాది రేపల్లె. తండ్రి చర్చిలో గుమాస్తా. పాస్‌వర్డ్ ఆమె దగ్గరే ఉంటుంది.

ప్రత్యేక తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో పదకొండో రోజది. పది నలభైకల్లా హాస్టల్ తీర్పు చెప్పేసింది.

"ఆంధ్ర పిల్ల చెరిపేసింది."

విచారణ లేదు, సాక్ష్యం లేదు. ఆవేశం ఉన్నచోట అవన్నీ దేనికి? మధ్యాహ్నానికి వార్డెన్ టేబుల్ మీదికి పిటిషన్ వచ్చింది. ముప్ఫై ఒక్క సంతకాలు. ఆదివారం సాయంత్రం ఐదింటికల్లా లిడియా గది ఖాళీ చెయ్యాలి. గది పోతే చదువూ పోయినట్టే. బయట అద్దె కట్టే స్తోమత ఆ ఇంటికి లేదు.

వార్డెన్ మేడం ఉమాపతికి ఫోన్ చేసింది.

ఉమాపతి వేలిముద్రల విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి ఎస్సైగా రిటైరయ్యాడు. ఉండేది తార్నాకలో. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఈసారి దానికి ఇంకో కారణం కూడా తోడైంది. హంతకుడెవరో ఈరమ్మ చెప్పబోతుండగా నలభై ఒకటో భాగం ఆగిపోయింది. ఆయన నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్నాడు.

శనివారం ఎనిమిదిన్నరకు హాస్టల్‌కు వచ్చాడు. లిడియా సూట్‌కేసు సర్దుకుంటోంది.

"గురువారం ఎక్కడున్నవ్ బిడ్డా?"

"తార్నాకలో. శాంసన్ అంకుల్ ఇంటర్నెట్ కెఫేలోనండి. నాలుగూ పదికి వెళ్ళాను."

"ఏం పని?"

"కథని 'గూడు'లోకి మార్చడానికి."

"గూడేంది?"

"ఇంకో సైటండి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. లైకుల్లేవు, పోటీల్లేవు. వాళ్ళు పిలిస్తేనే చేరాలి. మూడు నెలలు క్యూలో ఉంటే గురువారం పిలుపొచ్చింది. కానీ రాసినవాళ్ళు చెప్పందే ఒక్క ముక్క కూడా తియ్యరు."

"కథలపెట్టెకేమైంది?"

"రెండు నిమిషాల్లో చేరొచ్చు. ఆ సుఖం ఒక్కటే. రూలు తప్పామని వాళ్ళకి తోస్తే తీసి పారేస్తారు. అడుగుదామంటే మనిషుండడు. ఉత్తరం రాస్తే మెషీన్ జవాబిస్తుంది. అందుకే బుధవారం శైలూతో గొడవపడ్డాను, కథ అక్కణ్ణుంచి తీసేద్దామని. పక్క గదివాళ్ళు విన్నారు. ఇప్పుడదే సాక్ష్యమట."

"గూడుల కథ లేదంటున్నరు?"

"అక్కడ చూసేవాళ్ళు ఇద్దరేనండి. ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు కూర్చుంటారు. వాళ్ళు చూశాకే బయటికి కనబడుతుంది. ఈ మాటే చెప్పాను. అబద్ధాలకోరునన్నారు!" చేతిలో చున్నీని సూట్‌కేసులోకి విసిరికొట్టింది.

"ఎన్ని భాగాలు మార్చినవ్?"

"పదిహేడు. తర్వాత పేజీ తెరుచుకోలేదు. నెట్ పోయిందనుకుని ఐదుంబావుదాకా చూసి వచ్చేశాను."

శైలజ వరండాలో నిలబడి ఉంది.

"నువ్వేమంటవ్? ఆమె చెరిపిందా?"

"అందరు అంటున్నరు సార్."

"అందర్ని కాదు, నిన్ను అడుగుతున్న."

శైలజ గదిలోని సూట్‌కేసు వైపు చూసి తల తిప్పుకుంది.

"సరే. ఆ అకౌంట్ ఎవరి మెయిల్ మీద తెరిచిన్రు?"

"పరుశురాంది సార్. మా క్లాస్‌మేట్. అప్పుడు నాకు మెయిల్ లేకుండె."

పిటిషన్ రాసిందీ ఆ పరుశురామే. గేటు దగ్గరే దొరికాడు. సాక్ష్యం చూపిస్తానని ఉమాపతిని కెఫేకు తీసుకెళ్ళాడు. రాళ్ళు పడతాయన్న భయంతో శాంసన్ షట్టరు సగం దించి, ఇన్వర్టర్ మీద నడిపిస్తున్నాడు. ఐడీ కార్డు చూపించి రిజిస్టర్‌లో పేరు, టైము రాసి సంతకం పెడితేనే కుర్చీ ఇస్తాడు. అది పోలీసుల రూలు.

పరుశురాం గురువారం పేజీ తీశాడు. "చూడున్రి సార్! లిడియా, నాలుగు పది. ఐదింటికి కథ పాయె. ఇంకేం గావాలె?"

ఉమాపతి ఆ పేరు మీద వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి ఒక్కో పేరే చదువుతూ పైకి వెళ్ళాడు. ఒక సంతకం దగ్గర వేలు ఆగింది. ఆయన మొహం నల్లబడింది.

"శాంసన్, గురువారం పేజీలన్ని జిరాక్స్ తీయించు."

మర్నాడు ఆదివారం. సాయంత్రం నాలుగు గంటలు. హాస్టల్ విజిటర్స్ హాలు. సంతకాలు పెట్టినవాళ్ళంతా వచ్చారు. లిడియా సూట్‌కేసు పక్కన నిలబడింది.

"గురువారం కథలపెట్టెల పోటీకి ఆఖరి రోజు. అవునా?" ఉమాపతి అడిగాడు.

"అవును సార్," అన్నాడు పరుశురాం. "ఈరమ్మనే ఫస్ట్ రావాలె, లైక్ కొట్టున్రి అని అందరికి నేనే మెసేజ్ పెట్టిన."

"క్యాంపస్‌ల కరెంటు లేదు, నెట్ లేదు. తెరిచున్నది శాంసన్ కెఫే ఒక్కటే. అందరు ఆడికే పోయిన్రు."

ఒకరిద్దరు తలూపారు.

"కథలపెట్టె అడుగున చీమలంత అక్షరాలల్ల ఒక రూలున్నది. చదివిన్రా ఎవరన్న? ఒక్క కనెక్షన్ మీదికెళ్ళి ఒక్క రోజుల ఇరవై లైకులు దాటితే అవి దొంగ లైకులట. కథనే తీసేస్తరట. గురువారం శాంసన్ కెఫేల కూసొని లైక్ కొట్టినోళ్ళు ఎంతమంది? నలభై మూడు!"

జిరాక్స్ కాగితాలు టేబుల్ మీద కొట్టాడు. పక్కనే పిటిషన్ పెట్టాడు.

"మీరందరు రిజిస్టర్ల ఒక్క పేరే దేవులాడిన్రు. మిగిలినయి నేను చదువుత, వినున్రి."

చదివాడు. పేరు, టైము. పేరు, టైము. ఒక్కో పేరుకూ ఒక్కో తల వంగింది.

"మూడు ఇరవై. ఉమాపతి." ఆయన కాగితం దించాడు. "నేనే. ఈరమ్మ గెలవాలని నేను సుత నొక్కిన. నా సంతకం కనవడ్డంకనే మిగిలిన సంతకాలు చూసిన. ముప్ఫై ఏళ్ళు వేలిముద్రలు చూసినోణ్ణి, సంతకాలు కలుపుడు నాకొక లెక్కనా? పిటిషన్ల ముప్ఫై ఒక్కటి. ముప్ఫై గీ రిజిస్టర్ల ఉన్నయి. ఒక్కటే కలవలే. కథను చంపింది మనం. శిక్ష గీ పిల్లకా?"

పరుశురాం లేచాడు. "మాకు ఎరుక లేకుండె సార్!"

"వాళ్ళకు ఎరుక లేదు. నీకున్నది. కథ ఐదింటికి పోయిందంటివి. శైలజ చూసింది తెల్లారి పది ఐదుకు. పేజీ మీద టైము లేదు. ఐదని నీకెవరు చెప్పిన్రు?"

పరుశురాం మళ్ళీ కూర్చున్నాడు.

"అకౌంట్ నీ మెయిల్ మీదున్నది. పదకొండు నుంచి ఆరు దాక నువ్వు కెఫేలనే ఉన్నవ్. కథ తీసేస్తమని వాళ్ళ ఉత్తరం నీ మెయిల్‌కే రావాలె. ఎప్పుడొచ్చింది?"

"మూడున్నరకు సార్... ఐదు లోపల జవాబియ్యుమన్నరు. ఇస్తే పోటీలకెళ్ళి తీసేస్తరేమోనని... ఉత్తగనే బెదిరిస్తున్నరనుకున్న."

"పోయినంక ఎందుకు చెప్పలే?"

"అందరు నన్నంటరని."

"అందుకని ఆమె మీదికి దొబ్బినవ్! ఆమెది రేపల్లె, నమ్మించుడు అల్కగైంది. నీ పిరికితనానికి ఉద్యమాన్ని అడ్డం పెట్టుకున్నవ్. ఈరమ్మను చూసి నవ్వినోళ్ళకు, నీకు ఫరక్ ఏందిరా?"

నాలుగు నలభైకి వార్డెన్ మేడం లాప్‌టాప్‌లో గూడు తెరిచింది. "ఈరమ్మ కేసులు" అక్కడ ఉంది. పదిహేడు భాగాలు, ఒక్కోదాని పక్కన అది చేరిన టైము. మొదటిది గురువారం నాలుగు పదమూడు. చివరిది నాలుగు యాభై తొమ్మిది.

"మూడు నిమిషాలకొకటి మోసింది," అన్నాడు ఉమాపతి. "చెరిపేటోళ్ళు గిట్ల మోస్తరా?"

పైన "రచన: శైలజ" అని ఉంది. లిడియా తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు.

లిడియా పిటిషన్ చేతిలోకి తీసుకుంది. పై నుంచి కిందిదాకా చదివింది.

"శైలూ, రిజిస్టర్లో లేని ఆ సంతకం నీదేనా?"

శైలజకు ఏడుపు ఆగలేదు. "తప్పైందే. మిగిలిన ఇరవై నాలుగు నాకు నోటికున్నయి. చెప్త. టైపు కొడ్తవా?"

"నువ్వే కొట్టుకో."

లిడియా సూట్‌కేసు ఎత్తుకుని మెట్లెక్కి తన గదికి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు చెప్పులు వెతుక్కుని జారుకున్నారు. క్షమించమన్న మాట ఒక్కరి నోట రాలేదు. న్యాయం అడగడానికి ముప్ఫై మంది వచ్చారు, తప్పు ఒప్పుకోడానికి మాత్రం ఎవరికీ తీరిక లేకపోయింది.

పద్దెనిమిదో భాగం డిసెంబరులో గూడులో కనబడింది. లైనుకు నాలుగు తప్పులు. అడుగున "టైపు: శైలజ" అని ఉంది.

ఉమాపతి చివరిదాకా చదివాడు. గూడులో లైక్ బటన్ లేదు. ఏమన్నా చెప్పాలంటే కూర్చుని రాయాల్సిందే. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పావుగంట రాశాడు.

"కథ మంచిగున్నది. తప్పులు మస్తున్నయి. లిడియా కాళ్ళు పట్టుకో."