తెల్ల గుడ్డ కట్టిన సీసాలు

“నవనీతా, గా కిటికీ కాడ కూసోకే. దోమ కుట్టిందనుకో, ఇంకేమన్న ఉన్నదా?” అన్నాను.

“అక్కా, ఈడ దోమే లేదు” అంది మా చెల్లెలు.

“ఇప్పుడు లేదు. వస్తే?”

నేల మీద బోర్లా పడుకుని హోంవర్క్ రాస్తున్న నా కూతురు మహిమ పకపకా నవ్వింది. “అవ్వా, దోమ ఇంకా దాని ఇంట్ల నుంచి బయల్దేరలే. నువ్వు అప్పుడే పరేషాన్ అవుడు షురూ చేసినవ్.”

ఆ రోజు రెండో శనివారం, బడి లేదు. మహిమ ఐదో తరగతి చదువుతోంది. మాది సుల్తానాబాద్. నవనీతకు నాలుగో నెల. వాంతులతో నీరసపడిపోయిందని ఇచ్చోడ నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాం. తెచ్చుకున్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. బాత్రూంలో జారుతుందేమో, ఫ్యాను ఊడి పడుతుందేమో, పాలు విరిగినవి తాగుతుందేమో. దేనికైనా నా భయం ఒకటే కొలత. అందుకే మా ఇంట్లో నా మాట ఎవరి చెవికీ ఎక్కదు.

మధ్యాహ్నం ఆశా వర్కర్ మమతారాణి వచ్చింది. నవనీత బీపీ కార్డు చూసింది. తర్వాత నీళ్ల డ్రమ్ము మూత ఎత్తి, లోపలికి టార్చి కొట్టి చూసింది.

“దోమల మందు కొడుతున్నం అక్కా” అన్నాను.

“మందు సరే. నీళ్ల సంగతి చెప్పు” అంది మమతారాణి. “డెంగీ దోమ మోరీల మురికి నీళ్లల్ల పుట్టదు. మనం తాగే నీళ్లసొంటి మంచి నీళ్లల్ల పుడ్తది. రాత్రి కాదు, పగటిపూట కుడ్తది. ఎవరికైనా డెంగీ కష్టమే. కడుపుతోని ఉన్నోళ్లకైతే తల్లికీ ప్రమాదమే, బిడ్డకూ ప్రమాదమే. జికా అని ఇంకోటి ఉన్నది. మన దిక్కు తక్కువే గానీ, అది వస్తే కడుపుల బిడ్డ మెదడు సరిగ్గ ఎదగకపోవచ్చు.”

నేను దుప్పటి తెచ్చి నవనీత చేతుల మీద కప్పాను. నవనీత మాత్రం నిమ్మళంగా అడిగింది. “అయితే ఏం చేయాల్నో చెప్పు అక్కా.”

“పగలు సుత దోమతెర కట్టుకో. చేతులు నిండుగ ఉన్న బట్టలు ఏసుకో. జ్వరమొస్తే సొంతంగ గోలీలు మింగకు, దవాఖానకు రా. ఇగ శుక్రవారం శుక్రవారం ఇంట్ల నిల్వ ఉన్న నీళ్లన్ని ఒంపాలె. గుడ్డు దోమ అయ్యేటందుకు వారం, పది రోజులు పడ్తది. మనం దానికి వారం ఇయ్యొద్దు.”

“బయట కుండీలు, సీసాలు నా డ్యూటీ!” అంది మహిమ చెయ్యెత్తి.

ఆ సీసాల గురించి కొంచెం చెప్పాలి.

మా చర్చిలో ఏటా పంట కోత పండుగ చేస్తారు. ఎవరి చేనులో, ఎవరి పెరట్లో పండింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు కూడా వస్తాయి. మాకు పొలం లేదు. మహిమ నాన్న సీమోను రైస్ మిల్లులో పనిచేస్తాడు. ఈసారి తన చేతులతో పెంచిందే పెట్టాలని మహిమ పట్టు పట్టింది. ముదురు ఆకుపచ్చ సీసాలు మూడు సంపాదించి, నీళ్లు పోసి, మనీ ప్లాంట్ కొమ్మలు పెట్టింది. ఎండ పడుతుందని నవనీత పడుకునే గది కిటికీలో వరసగా నిలబెట్టింది.

మా అత్తమ్మ కాలం నుంచి మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. దేవుని కోసం తీసిపెట్టిన దానికి తెల్ల గుడ్డ పేలిక కడతాం. కట్టాక ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టరు. పాదు మీద తొలి సొరకాయకు కడితే, కూరకు ఏమీ లేకపోయినా దాన్ని కోయం. మహిమ ఆ మూడు సీసాల మెడలకూ పేలికలు కట్టింది.

శుక్రవారం వచ్చింది. నేను డ్రమ్ము ఒంపి పీచుతో గీకాను. కూలర్ ఖాళీ చేశాను. ఫ్రిజ్ వెనక ట్రే కూడా తీసి కడిగాను.

“సీసాలు ఒంపినవా?” అని అరిచాను.

“ఆ, ఒంపిన!” అని అటునుంచి అరిచింది మహిమ.

ఒంపలేదు. బడిలో దాని దోస్తు ఆరాధన ఒక మాట చెప్పిందట. “నీళ్లు మారిస్తే వేర్లు అలుగుతయే. మాది గట్లనే ఎండిపోయింది.” అప్పుడే తెల్లగా, దారాల్లా వేర్లు వస్తున్నాయి. పైగా దేవుని సీసాలు. మమత అక్క చెప్పింది మామూలు సీసాల గురించేలే అనుకుంది. ఇదంతా తర్వాత అదే నాకు చెప్పింది.

రెండో శుక్రవారం కూడా “ఒంపిన” అనే అంది. తెల్ల పేలికలు చూసి నేనూ ఆ సీసాలు ముట్టలేదు. ఆకులు ఎంత బాగా వచ్చాయో అని మురిసిపోయాను.

ఆ ఆదివారం సీసా మూతిలోంచి తొంగి చూసిన మహిమకు లోపల ఏవో కదులుతూ కనిపించాయి. సన్నగా, నల్లగా, తోకలు ఆడిస్తూ కిందికీ పైకీ తిరుగుతున్నాయి.

చేపపిల్లలు! ఎవరికీ చెప్పకుండా పండుగనాడు అందరినీ ఆశ్చర్యపరచాలనుకుంది.

సోమవారం పొద్దున నవనీతకు ఒళ్లు కాలింది. కళ్లు తెరవలేకపోయింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. రక్తం తీసుకుని, రిపోర్టు రేపు వస్తుందన్నారు. ఇంటికొచ్చి ఆమెను దోమతెరలో పడుకోబెట్టాను.

సాయంత్రం మమతారాణి వచ్చింది. “ఇంట్ల ఏడనన్న నీళ్లు నిలిచినయా?”

“చుక్క లేదు” అన్నాను. “రెండు శుక్రవారాలు నేనే గీకిన. దోమలొస్తే పక్కింటి పరశురాములన్న దిక్కు నుంచే రావాలె. ఆయన వాకిట్ల తొట్టి ఎప్పుడూ నిండే ఉంటది. ఇయ్యాల ఆయన సంగతేందో చూస్త!”

చీర కొంగు దోపుకుని బయటికి నడిచాను. గడప దాటుతుంటే వెనక నుంచి మహిమ నా చెయ్యి పట్టుకుంది.

“అవ్వా, పోకు.”

“ఇడువు.”

“పోకవ్వా. నా సీసాలల్ల నీళ్లు ఉన్నయి. నేను ఒంపలే.”

నేను ఆగిపోయాను. మహిమ లోపలికి పోయి సీసాలు ఒక్కొక్కటీ తెచ్చి అరుగు మీద పెట్టింది. మమతారాణి స్టీల్ పళ్లెం తెమ్మంది. ఒక సీసాలోంచి కాసిన్ని నీళ్లు పళ్లెంలోకి ఒంపింది. నల్లటి పురుగులన్నీ ఒక్కసారి గిలగిలా కదిలాయి.

“చేపపిల్లలు కాదా అక్కా?” అంది మహిమ.

“కాదు బిడ్డా. దోమ పిల్లలు. గివి చూడు, తల లావైనయి. రేపో ఎల్లుండో రెక్కలొచ్చి ఎగిరిపోతయి. కొన్ని అప్పుడే ఎగిరిపోయి ఉంటయి.”

మహిమ కిటికీ వైపు చూసింది. ఆ కిటికీ కిందే చిన్నమ్మ మంచం.

“చిన్నమ్మకు జ్వరం నాతోనే వచ్చిందా?”

“గా మాట నేను చెప్పలేను” అంది మమతారాణి. ఊరడించడానికైనా అబద్ధం ఆడలేదు. “రేపు రిపోర్టు చూద్దాం. ఇప్పుడు చేసే పని ఒకటి ఉన్నది. ఈ నీళ్లు మోరీల పొయ్యకు. ఎండిన మట్టిమీద పొయ్యి. సీసా లోపల బ్రష్‌తోని గీకు. గుడ్లు గోడకు అంటుకొని ఉంటయి.”

మహిమ మూడు సీసాలూ వాకిట్లోని ఎండు మట్టి మీద ఒంపింది. పురుగులు కదలడం మానేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత తెల్ల పేలికలు విప్పి పక్కన పెట్టి, సీసాలు గీకి, బోర్లించింది. మనీ ప్లాంట్ కొమ్మలను పాత నూనె డబ్బాలో మట్టి నింపి నాటింది. వాటిలో ఒక కొమ్మ వాడిపోయింది. అయినా ఏడవలేదు.

మంగళవారం రిపోర్టు వచ్చింది. డెంగీ లేదు. మామూలు వైరల్ జ్వరమేనట. “మూడు రోజులు జాగ్రత్తగ చూడున్రి. తగ్గకపోతే మళ్ల రండి” అన్నాడు డాక్టర్. నేను ఆటోలోనే దేవునికి దండం పెట్టుకున్నాను.

బుధవారానికి జ్వరం దిగింది. గురువారం నవనీత లేచి రెండు ముద్దలు తింది. జ్వరంలో ఉన్నప్పుడు వాకిట్లో ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

వంటింట్లో మహిమ చెవిలో అన్నాను. “చిన్నమ్మకు ఏం చెప్పకు. పాణం ఇప్పుడిప్పుడే కుదుటపడ్డది. ఊకే ఫికర్ పెట్టుకుంటది.”

“చిన్నమ్మ అడిగితే?”

“అడగదు.”

“అడగకుంటే చెప్పొద్దా?”

గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయాను. మహిమ చేతులు కడుక్కుని, చిన్నమ్మ గదిలోకి పోయింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వింటే నవనీతకు ఏమవుతుందో. బీపీ పెరుగుతుందేమో. కళ్లు తిరుగుతాయేమో.

“చిన్నమ్మా, నీ కిటికీల సీసాలు నేనే పెట్టిన” అంది మహిమ. “వాటిల్ల దోమ పిల్లలు పుట్టినయి. ఒంపిన అని రెండుసార్లు అబద్ధం చెప్పిన. నీకు డెంగీ రాలే. కానీ వస్తే నాతోనే వచ్చేది.”

నవనీత దోమతెర లోపలి నుంచి మహిమ ముఖంలోకి చూసింది. తర్వాత తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఖాళీగా ఉన్న కిటికీ వైపు చూసింది. బయట ఎవరిదో బండి వచ్చింది, ఆగింది, మళ్లీ పోయింది. మహిమ అక్కడే నిలబడింది. నా వైపు చూడలేదు. తల దించలేదు. నాకు లోపలికి పోయి ఏదో ఒకటి అనాలనిపించింది. నోరు మూసుకున్నాను.

చివరికి నవనీత దోమతెర అంచు ఎత్తి, మహిమ చెయ్యి పట్టుకుని మంచం మీదికి లాక్కుంది.

“రేపు శుక్రవారమే గదా” అంది. “నువ్వు ఒంపు. నేను నీ ఎనుకనే టార్చి పట్టుకొని వస్త. ఒక్క పురుగు కనబడ్డదనుకో, నీ చెవు పిండుత చూడు.”