తాకకూడని సగం

డిసెంబర్‌లో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడిపోయే ఊరు మాది. బాల్టిక్ సముద్రం పక్కనే. ఇన్‌స్టిట్యూట్ బేస్‌మెంట్‌లోని కోల్డ్ రూమ్‌లో, సముద్రం అడుగు నుంచి తీసిన మట్టి గొట్టాల మధ్య, నేనూ ధీరజ్ అన్నా జాకెట్లలో ముడుచుకుని పనిచేస్తున్నాం. నోరు తెరిస్తే ఆవిరి.

"ఏంటమ్మా నవ్యశ్రీ, సిగరెట్లు మొదలెట్టేవా?" అన్నాడు. కాకినాడ మనిషి, ఇక్కడే పీహెచ్‌డీ. ఎంత చలిలోనైనా వెటకారం మానడు.

"నవ్వే ఓపిక లేదన్నా. ఈ మట్టిల నల్ల పొర పని ఒక్కటైతే థీసిస్ ఇచ్చేస్త. లేకుంటే వీసా ఆగుతది, ఇంటికే పోవుడు."

ఆ పొర పేరుకున్న కాలంలో సముద్రం అడుగున ఆక్సిజన్ లేదు. పురుగు కూడా బతకలేదు. ఆ మట్టిలోని రసాయనాలు కొలిచి, ఊపిరాడని ఆ కాలం ఎన్నేళ్లు సాగిందో చెప్పడమే నా థీసిస్. నెలల తరబడి అదే మట్టి. విసుగొచ్చేసింది.

ప్రతి గొట్టాన్నీ నిలువునా రెండుగా కోస్తారు. ఒక సగం మా పనికి. రెంటికీ ఒకేలా ప్లాస్టిక్ షీట్ చుట్టి, రెండోది తర్వాతి తరాల కోసం దాస్తారు. దాన్ని ఎవరూ తాకకూడదు.

ధీరజ్ అన్న కాఫీకని పైకెళ్లాడు. నేను ట్రే లాగి, షీట్ విప్పి, నల్ల పొరలోకి చెంచా దించాను. కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది. అప్పుడు చూశాను. మట్టి అంతా నున్నగా ఉంది. ఇన్నాళ్లూ నేను తవ్విన గుంటలు ఒక్కటీ లేవు.

తాకకూడని సగం అది.

తెలిస్తే నా పని అయిపోయినట్టే. తీసిన మట్టినే మళ్లీ గుంటలో నొక్కాను. చలికి అతుక్కోలేదు. వంగి, నోటితో వేడిగా ఊదుతూ వేలితో మెత్తాను. ఊదాను... కళ్లు తిరిగేదాకా ఊదాను. గుంట పూడింది. షీట్ చుట్టేశాను.

షీట్ లోపలి వైపు, సరిగ్గా నల్ల పొర మీద, ఆవిరి పట్టింది.

పోయింది.

మళ్లీ పట్టింది...

కదలకుండా నిలబడిపోయానేమో, ఆటోమేటిక్ లైటు ఆరిపోయింది. చీకట్లో ప్లాస్టిక్ చప్పుడు. లోపలికి... బయటికి... నిద్రపోయే మనిషి దగ్గర వినిపించేంత నెమ్మదిగా. చెయ్యి ఊపి లైటు వెలిగించుకోవాలన్నా భయమేసింది.

తలుపు తెరుచుకుంది. లైటు వెలిగింది.

"ఏమైందమ్మా?" ధీరజ్ అన్న గొంతు తగ్గించాడు.

"ఏం లేదన్నా... పోదాం."

ట్రే లోపలికి తోసేశాను. ఎవరికీ తెలియదు, వీసా దక్కినట్టే అనుకున్నాను. సిగ్గు లేకుండా సంతోషించాను కూడా.

బస్టాప్‌లో గడ్డకట్టే చలి. అందరి నోళ్ల ముందూ పొగలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ధీరజ్ అన్న ఆగిపోయాడు. నా నోటి వంకే చూస్తున్నాడు.

"నవ్యా... ఓసారి ఊదు."

ఊదాను. గట్టిగా ఊదాను. ఏమీ రాలేదు. ఆయన నవ్వలేదు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. అందరి అద్దాలూ మసకబారాయి. నాది మాత్రం తేటగా ఉంది. బస్సు కదిలింది.

అద్దానికి అవతలి వైపు, సరిగ్గా నా నోటికి ఎదురుగా, ఆవిరి పట్టింది.

పోయింది.

మళ్లీ పట్టింది.