కాలవ వైపు కంత

మా ఊరి పాత పోస్టాఫీసు పక్కనుంచి దీపాలు పెట్టాక ఎవరూ నడవరు. నేనూ నడవను, నా ధైర్యం సంగతి అడక్కండి. లోపల టప్... టప్... అని ముద్ర కొడుతున్న చప్పుడు వస్తుందంటారు. ఆఫీసు కొత్త బిల్డింగులోకి మారి ఏడాదైంది. ముద్రలూ అక్కడికే వెళ్ళాయి.

అది దొరల కాలపు కట్టడం. మూరెడు మందం సున్నపు గోడలు, టేకు దూలాలు. వింతేమిటంటే దాని ముఖం రోడ్డు వైపు కాదు, కాలవ వైపు. అప్పట్లో టపా పడవల మీద వచ్చేది. పడవవాళ్ళు ఉత్తరాలు వేసుకోవడానికి ఆ గోడలోనే ఓ కంత పెట్టారు.

ఇది కొల్లేటికోట సూర్రావు నాకు చెప్పిన సంగతి. వాళ్ళ నాన్న పడవ నడిపినవాడు. అందుకే పదకొండేళ్ళ కిందట తన కూతురి పెళ్ళికి, నాలుగు మూలలా పసుపు రాసిన మొదటి శుభలేఖని నాన్న వేసే కంతలోనే వేశాడు. అది చెల్లెలు సత్యవేణికి. ఆవిడ ఇల్లు అదే కాలవ గట్టున, దిగువన. చేపల చెరువు పట్టుబడి రోజులు కావడంతో స్వయంగా వెళ్ళి పిలవలేకపోయాడు.

శుభలేఖ అందలేదు. తోడబుట్టినదాన్ని పిలవలేదని ఆవిడ మాట మానేసింది. ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు.

మొన్న వైశాఖంలో సూర్రావు ఈ మాట పోస్టుమాస్టరు పుష్పలత గారి దగ్గర అన్నాడు. ఆవిడ ఉలిక్కిపడింది.

"అయ్యో, ఆ కంతకి లోపలివైపు ఎప్పుడో గోడ కట్టేశారండీ. అందులో వేసింది ఆ సందులోనే ఉండిపోతుందండీ!"

ఇంక ఆగుతాడా? పొద్దుగూకగానే టార్చి, ఇనప తీగ పట్టుకుని వెళ్ళాడు. కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజులు... అడుగున బీటలిచ్చిన మన్ను తప్ప చుక్క నీరు లేదు. కంతలో తీగ పెట్టి కెలికాడు. ఏదో తగిలింది. మెల్లిగా లాగాడు... పసుపు మూల కనబడింది!

చెయ్యి చాపాడు.

కార్డు చటుక్కున లోపలికి పోయింది. జారలేదు — ఎవరో లాక్కున్నారు.

"ఎ... ఎవరండీ?" అన్నాడట. దెయ్యానికి కూడా అండీ! మావాళ్ళ మర్యాద అలా ఉంటుంది.

లోపల టప్... ఒక్కసారే.

చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. భయం కన్నా, చేతిదాకా వచ్చిన కార్డు పోయిందనే ఏడుపే ఎక్కువట.

తెల్లారుతుండగా ఫోను మోగింది. పదకొండేళ్ళ తరవాత ఆ గొంతు.

"అన్నయ్యా... శుభలేఖ అందింది. నిజంగానే వేశావు. నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను..." ఏడుస్తోంది సత్యవేణి.

"ఎవరిచ్చారమ్మా?"

"ఎవరో ఖాకీ బట్టల పెద్దాయన. చీకటుండగానే తలుపు కొట్టాడు. నిన్నటి తేదీ ముద్ర ఉంది దాని మీద. 'ఇన్నేళ్ళూ గోడలో ఉండిపోయిందమ్మా' అని ఇచ్చేసి, పడవెక్కి వెళ్ళిపోయాడు."

సూర్రావు దిగ్గున లేచి కూర్చున్నాడు.

"పడవేంటమ్మా... కాలవ కట్టేసి నెలయింది కదా!"

అవతల తలుపు తీసిన చప్పుడు.

"కాలవ ఎండే ఉందన్నయ్యా..." గుసగుసగా అంది. "కానీ ఆయన నిలబడ్డ చోట... మా గుమ్మంలో... పాదాల తడి ఇంకా ఆరలేదు."