డండా లేని సైకిలు

"గీ కొక్కేలకు నా సైకిల్ ఎట్ల తగిలిస్తవయ్యా?"

నడుం మీద చెయ్యేసుకుని మేబెల్ అడిగిన ప్రశ్నకు, నాంపల్లి స్టేషన్ పక్క సందులో వెల్డింగ్ షాపు పెట్టుకున్న దేవప్రసాద్ తల గోక్కున్నాడు.

మిషన్ ఆసుపత్రి వాళ్లకు మందులతో ఊళ్లు తిరిగే, చిన్న గదిలాంటి ట్రైలరు ఒకటుంది. దాన్ని జీపుతో లాక్కెళ్లేది మేబెల్ తండ్రి హెర్బర్ట్. ట్రైలరు వెనక బంపరుకు సైకిలు స్టాండు కావాలని ఆయనే చెప్పి వెళ్లాడు. దేవప్రసాద్ మూడు రోజులు చెమటోడ్చి, సీటు నుంచి హ్యాండిలు దాకా ఉండే డండాను తగిలించేలా రెండు కొక్కేలు చేశాడు. తీరా వచ్చింది లేడీస్ సైకిలు. దానికి డండానే లేదు!

"సైకిల్ అన్నరు గానీ లేడీస్ సైకిల్ అనలే," అని గొణిగాడు.

"జీపు పోని ఊర్లకు మందులు పట్టుకపోయేది ఎవరనుకున్నవ్?"

"కంపౌండర్ సాబ్ అనుకున్న."

"నేను! నర్సును! రెండేండ్ల సంది అడుగుతుంటే గిప్పుడు పంపుతున్నరు. సోమవారం మెదక్ దిక్కు పోవాలె. సైకిల్ లేకుంటే నన్ను వార్డులనే ఉంచుతరు, తెలుసా?"

గొంతులో కోపం, కళ్లలో నీళ్లు. దేవప్రసాద్ ప్రాణం చివుక్కుమంది. కోపంలో కూడా మనిషి ఇంత బాగుంటుందా అని, వేళాపాళా లేకుండా, ఆశ్చర్యం కూడా వేసింది.

"ఫికర్ చేయకు నర్సమ్మా. శనివారం దాక టైమియ్యి."

"అందరు సిస్టర్ అంటరు. నువ్వు నర్సమ్మ అంటవేంది?"

"జర ఆలోచించే అంటున్న," అనేసి గబుక్కున వెల్డింగ్ అద్దాలు పెట్టుకున్నాడు. ముఖం దాచుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు మరి.

శనివారం ఒకటే వాన. కొక్కేల పక్కన, చక్రాలు కూర్చునేలా ఇనుప పట్టీ, కట్టడానికి తోలు బెల్టులు కొత్తగా వచ్చాయి. అబిడ్స్ దాకా నడిపి చూద్దామన్నాడు హెర్బర్ట్. మేబెల్ ట్రైలరు వెనక కిటికీ దగ్గర కూర్చుంది. స్టాండు ఊగుతుందేమో చూస్తానని దేవప్రసాద్ తన సైకిలెక్కి వెనకే బయలుదేరాడు.

"స్టాండు చూడు, నన్ను కాదు!" కిటికీలోంచి అరిచింది మేబెల్.

"రెండు ఒక్క దిక్కే ఉన్నయి గదా!"

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు జీపు ఆగింది. హెర్బర్ట్ దిగి సైకిలును పట్టి ఊపాడు. కదల్లేదు.

"మరి గీ పాత కొక్కేలు కోసెయ్యలేదేంది?" అంది కిందికి దిగిన మేబెల్.

"గవి డండా ఉన్న సైకిల్‌కు."

"ఎవరిది?"

దేవప్రసాద్ నిలువునా తడిసిన తన సైకిలు వైపు చూశాడు. "మీ ట్రైలరుతోని తిరగనీకి మెకానిక్ కావాలని మీ నాయిన అన్నడు. నేనొస్త. పని కోసమని అబద్ధం చెప్ప. నువ్వంటే నాకిష్టం నర్సమ్మా."

హెర్బర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"రెండు సైకిళ్ల బరువు బంపరు ఓపుతదా?"

"బంపరును నమ్మలే సార్. కింద చాసిస్ చట్రానికి బోల్టులేసిన. ఓపుతది."

"నా బిడ్డ కోపం?"

"గది గూడ ఓపుత సార్."

హెర్బర్ట్ పకపకా నవ్వాడు. "నాకేమో ఇష్టమే. ఇగ దాన్నే అడుగు."

మేబెల్ వచ్చి దేవప్రసాద్ చేతిలోంచి సైకిలు లాక్కుంది. రెండు చేతులా ఎత్తి పాత కొక్కేలకు తగిలించింది. డండా చక్కగా కూర్చుంది.

"ఎక్కు, తడుస్తున్నవ్," అంది చేతులు దులుపుకుంటూ. "ఎప్పుడన్న పొరపాటున సిస్టర్ అన్నవో, చూడు!"