నా ఫారం ఎవరి దగ్గరకు వెళ్లిందంటే...

"పిల్లల సిరప్ అడిగితే పెద్దల మాత్రలు పంపిస్తారా? లిస్టు చదవడం రాదాండీ మీకు?"

డాక్టర్ హెప్సిబా నాతో అన్న మొదటి మాటలివి. ఉయ్యూరు వరద క్యాంపులో, వానలో తడుస్తూ, మాత్రల అట్ట ఊపుతూ ఆవిడ అరుస్తుంటే నేను లిస్టు తీసి మళ్లీ చదువుకున్నాను. ఛీ, నా బతుకు!

మాది విదేశీ వైద్య సహాయ సంస్థ. రూల్సు జెనీవాలో పుడతాయి, అనుమతులు ఢిల్లీ నుంచి వస్తాయి, వరద ఊళ్లలో తిరగడం మాత్రం మా విజయవాడ టీమ్ పని. ఏ మందు కావాలో డాక్టర్లు చెబుతారు, నాలాంటి సప్లై వాళ్లు తెచ్చిపెడతారు. టీమ్ లీడర్ డాక్టరే. అంటే ఆవిడే నా బాస్!

రెండు నెలల్లో తిట్లు తగ్గి టీలు పెరిగాయి. నేను ఆవిడ ప్రేమలో పడిపోయాను. చెప్పేద్దామంటే రూలు అడ్డం. బాస్‌నీ కింద ఉద్యోగినీ ప్రేమ కలిపితే ఒకరు టీమ్ మారాలి. అందుకే ముందు టీమ్ మారి, తర్వాత ధైర్యంగా చెబుదామనుకున్నాను. ఢిల్లీ ఆఫీసులో సిబ్బంది బదిలీలు చూసే స్టెల్లా గారికి ఫోన్ చేశాను.

"ఆన్‌లైన్ ఫారం నింపండి కిరీటి గారూ, అంతే" అన్నారావిడ.

నింపాను. "డాక్టర్ హెప్సిబాని ప్రేమిస్తున్నాను. ఆవిడకు తెలియదు. నన్ను వేరే టీమ్‌కి మార్చండి." బటన్ నొక్కాను.

"మీ ఫారం మీ టీమ్ లీడర్‌కు చేరింది" అని వచ్చింది స్క్రీన్ మీద. వెనక్కి తీసుకునే బటన్ కోసం వెతికాను, లేదు.

పది నిమిషాల్లో హెప్సిబా మా విజయవాడ ఆఫీసు స్టోర్‌రూమ్ గుమ్మంలో ఉంది, చేతిలో ఫోనుతో.

"ఏంటండీ ఇది?"

"పొరపాటున..."

"ప్రేమించడం పొరపాటా, పంపడమా?"

"పంపడమేనండీ! కాదంటే చెప్పండి, రేపట్నించి మీకు కనపడను." ఆవిడ కనిపించని రోజు ఎలా గడుస్తుందో నాకు తెలియదు.

"కాదనే అధికారం నాకు లేదు. సొంత విషయంలో బాస్ నిర్ణయం తీసుకోకూడదట. ఢిల్లీకే పంపేశాను."

"సొంత విషయమా?"

"మరి కాదా?" బుగ్గలు ఎర్రబడుతుండగా ఫోను నా ముందు పెట్టింది.

ఫారం కింద ఆవిడ రాసిన మాటలు చదివాను.

"నాకూ ఇష్టమే. కిరీటిని టీమ్ మార్చండి, కానీ దూరం పంపొద్దు. మంగళగిరి టీమ్ చాలు, సాయంత్రం ఆటోలో వచ్చేస్తాడు."